మా ఆవిడ పేరు మీద తెల్లరంగు పూసిన కమిటీ పెద్దలకు

డర్బన్‌లో మా పేట తెలుగు సంఘం పెద్దలకు, మహిళా విభాగం వారికి, శనివారం పాఠశాల కమిటీకి నమస్కారం.

సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ ఉత్తరం ఎవరికో మీకు తెలుసు, నాకు తెలుసు, అది చాలు. మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి మీకు ఉత్తరం రాశాను. రెండూ ఇంగ్లీషులోనే. దేనికీ జవాబు రాలేదు. ప్రతి ఉగాదికీ మైకు పట్టుకుని "మన తెలుగు పోతోంది, పిల్లలు మాట్లాడటం లేదు" అని మీరు బాధపడుతుంటారు కదా, ఈసారి తెలుగులో రాసి చూద్దామని కూర్చున్నాను. చదవడానికి మీలో కొందరికి కష్టం కావచ్చు. ముగ్గురికి మాత్రం ఆ సాకు కుదరదు. వాళ్ళకి 'క'కీ 'ఖ'కీ తేడా చెప్పింది నేనే. నా తెలుగు మా తాత దగ్గర మొదలైంది. ఇందులో ఈ కాలపు మాటలు కనిపిస్తే అది 1997 నుంచీ నాతో ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుతున్న విశాఖ చెల్లెళ్ళ పుణ్యం.

సంగతి ఇది. మన తాతలను చెరకు తోటల్లో పనికి కూలి ఒప్పందం మీద తెచ్చిన మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబర్ 16న 342 మందితో మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చింది. దానికి 165 ఏళ్ళు నిండుతున్నాయని మీరు కుటుంబాల పుస్తకం వేస్తున్నారు. మంచి పని. ఫారం నాకూ వచ్చింది. ఏ ఓడలో వచ్చారు, ఏ చెరకు ఎస్టేట్‌లో పనిచేశారు, ఇప్పుడెక్కడ ఉంటున్నారు, అన్నీ శ్రద్ధగా నింపాను. "భర్త / భార్య పేరు" అన్నచోట మా ఆవిడ పేరు రాశాను. నేనూ ఆడదాన్నే, అది మీకు కొత్త కాదు. పెళ్ళి 2008, మరణం 2022 అని కూడా రాశాను. సరిచూసుకోమని మీరు తిరిగి పంపిన కాగితంలో ఆ గడి నిండా తెల్లరంగు పూసి ఉంది. అది ఆరాక దాని మీద నీలం బాల్‌పెన్‌తో ఎవరో "అవివాహిత" అని రాశారు. కిటికీ దగ్గర పెట్టి వెలుతురులో చూస్తే కింద నా చేతిరాత కనిపిస్తూనే ఉంది.

ఆమె పేరు ఈ ఉత్తరంలో రాయను. మీ పుస్తకంలో వేయమని అడుగుతున్నాను కాబట్టి మొదట అక్కడే కనిపించాలి.

ఇది ఒక్క గడికి సంబంధించిన గొడవ అని మీరు అనుకుంటున్నట్టున్నారు. ఈ దేశంలో ఒక్క గడి ఎంత పని చేసిందో మీకు తెలియనిదా? వరసగా చెబుతాను.

1. నేను 1959లో మ్యాగజీన్ బ్యారక్స్‌లో, అంటే డర్బన్ మునిసిపాలిటీ ఇండియన్ పనివాళ్ళను ఉంచిన ఇళ్ళల్లో పుట్టాను. మా నాన్న మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చేవాడు. 1950లో తెల్లవాళ్ళ ప్రభుత్వం రెండు చట్టాలు తెచ్చింది. మనిషి ఏ జాతో రిజిస్టర్‌లో రాసేది ఒకటి, ఏ జాతి ఎక్కడ ఉండాలో చెప్పే గ్రూప్ ఏరియాస్ చట్టం ఒకటి. మా గుర్తింపు నంబర్ చివరి అంకెల్లోనే మన జాతి కోడ్ ఉండేది. నాకు ఆరేళ్ళప్పుడు బ్యారక్స్ ఖాళీ చేయించి మమ్మల్ని ఇండియన్లకని కేటాయించిన చాట్స్‌వర్త్‌లో పడేశారు. పేటలకు పేర్లు కూడా పెట్టలేదు, యూనిట్ 1, యూనిట్ 2 అని నంబర్లే. ఒకవైపు తెల్లవాళ్ళ ఊరు, ఇంకోవైపు ఆఫ్రికన్ల ఉమ్లాజి, మధ్యలో అడ్డుగోడలా మనం.

ఈ కథ మీరు ఏటా స్టేజి మీద చెబుతారు, నేనూ పిల్లలకు చెప్పాను. మీరు చెప్పని భాగం ఒకటుంది. జంట ఇళ్ళు, మధ్యలో ఒకటే గోడ. పక్కింటి ముసలాయన దగ్గితే మా అమ్మ "ఇంకా పడుకోలేదు" అనేది. బడిలో ఉన్నవాళ్ళే గుడిలో, గుడిలో ఉన్నవాళ్ళే బస్సులో, బస్సులో ఉన్నవాళ్ళే ఫ్యాక్టరీలో. పెళ్ళిళ్ళ పేరమ్మకు ఊళ్ళు తిరిగే అవసరం లేదు, నాలుగు యూనిట్లు నడిస్తే సరిపోయేది. ప్రభుత్వం మనల్ని ఒకచోట పేర్చింది. దాంతో ఆడపిల్లల మీద కన్నేసి ఉంచే పని పెద్దలకు సులువైంది. పోలీసుకు కావలసింది మనం గీత దాటకపోవడం, పెద్దలకు కావలసిందీ అదే. రెండు గీతలూ ఒకేచోట పడ్డాయి.

పద్నాలుగేళ్ళకు నా సంగతి నాకు తెలిసింది. పేరు మాత్రం తెలియదు. తెలుగులో ఎవరూ చెప్పలేదు, ఇంగ్లీషులో విన్నవన్నీ తిట్లే. పద్దెనిమిది నిండాక మొదటి సంబంధం వచ్చింది. కుర్రాడు మంచివాడే, పక్క యూనిట్, పేరు చివర నాయుడు. వద్దన్నాను. రెండోది వద్దన్నాను. ఆరోదానికి మా పెద్దమ్మ "దీనికి ఏదో పట్టింది" అని తాయెత్తు తెచ్చి కట్టింది. "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టడం మానేశాను. అదే మాట విని తలవంచిన వాళ్ళు నా క్లాసులోనే ఇద్దరున్నారు. ఇప్పుడు అమ్మమ్మలయ్యారు. గుళ్ళో కనిపిస్తే నా చేయి ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుంటారు, అంతే. వాళ్ళ పేర్లు మీ పుస్తకంలో అన్ని గడులూ నిండి ఉన్నాయి.

2. ఆమె నాకు బట్టల ఫ్యాక్టరీలో పరిచయం. 1978. నేను కాలర్లు, ఆమె కాజాలు. ఆమెది వెంట్‌వర్త్, చట్టం లెక్కలో కలర్డ్, అంటే మిశ్రమ జాతి. తెల్లవాళ్ళకీ మిగతావాళ్ళకీ మధ్య సంబంధాన్ని నేరం చేసిన ఇమ్మొరాలిటీ చట్టం మా జోలికి రాలేదు. ఒక ఇండియన్ ఆడమనిషి, ఒక కలర్డ్ ఆడమనిషి ప్రేమించుకుంటారన్న ఊహే ఆ చట్టం రాసినవాళ్ళకు రాలేదు. మమ్మల్ని ఆపింది పడకగది చట్టం కాదు, ఇంటి చట్టం. ఆమె చాట్స్‌వర్త్‌లో ఉండకూడదు, నేను వెంట్‌వర్త్‌లో ఉండకూడదు.

శనివారం పూట సగం రోజే పని. గ్రే స్ట్రీట్ దాకా నడిచి ఒక క్వార్టర్ బీన్స్ బన్నీ, అంటే బీన్స్ కూర నింపిన పావు బ్రెడ్డు, కొనుక్కునేవాళ్ళం. డబ్బులు ఒక్కదానికే ఉండేవి. బ్రెడ్డులోంచి తీసిన మెత్తటి ముక్క ఆమెది, అడుగున కూర పీల్చుకున్న భాగం నాది. న్యూస్‌పేపర్ మీద పెట్టుకుని మెట్ల మీద కూర్చుని తినేవాళ్ళం. తర్వాత బస్సుల దగ్గరికి. మా బస్సు ఒకవైపు, వాళ్ళ బస్సు ఒకవైపు. ఆమె బస్సు ముందు కదిలితే కిటికీలోంచి చెయ్యి ఊపేది కాదు, ఎవరైనా చూస్తారని. గాజు మీద వేలు పెట్టేది. పదమూడేళ్ళు ఇంతే. 1991 జూన్ చివర్లో గ్రూప్ ఏరియాస్ చట్టం రద్దయింది. ఆగస్టులో రెండు సూట్‌కేసులతో, ఒక కుట్టుమిషన్‌తో మా ఇంటికొచ్చింది. ఇరుగుపొరుగుకి "అద్దెకుంటోంది" అని చెప్పాం. మా అమ్మ మూడు నెలలు మాట్లాడలేదు. ఒకరోజు ఊరగాయ కలుపుతూ, నన్ను దాటి, ఆమెకి వేలు చూపించి "ఉప్పు చూడు" అంది. నాకు తెలిసి మా పెళ్ళి ఆ రోజే అయింది.

3. పారిపోవచ్చు కదా అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. ఎక్కడికి? 1975 దాకా ఒక ప్రావిన్స్ నుంచి ఇంకోదానికి వెళ్ళాలంటే మనవాళ్ళకు పర్మిట్ కావాలి. ఫ్రీ స్టేట్‌లో 1891 నుంచే మనం ఉండకూడదు, 1980ల మధ్యలో గానీ ఆ నిషేధం పోలేదు. తెల్లపిల్లకైతే ఎవరూ గుర్తుపట్టని ఇంకో ఊరు ఉండేది. మనకు జోహన్నెస్‌బర్గ్ వెళ్ళినా ఇండియన్ల పేట లెనేషియానే, అక్కడా మన మేనమామ ఒకడుంటాడు.

గే సంఘాల్లోనూ రంగు ఉండేది, అది కూడా చెప్పాలి. ఎక్కువమంది తెల్లవాళ్ళే ఉన్న ఆనాటి పెద్ద సంఘం, తమ సభ్యుడే అయిన నల్లజాతి ఉద్యమకారుడు సైమన్ న్కోలి 1984లో అరెస్టయి డెల్మాస్ దేశద్రోహం కేసులో జైల్లో ఉంటే వెనక నిలబడలేదు. రాజకీయాలు వద్దన్నారు. 1988లో ఆయన నిర్దోషిగా బయటికొచ్చాడు. 1990 అక్టోబర్ 13న జోహన్నెస్‌బర్గ్‌లో గే, లెస్బియన్ల మొదటి ప్రైడ్ ఊరేగింపు తీసినవాళ్ళలో ఆయనా, సొవెటో అమ్మాయి బెవర్లీ డిట్సీ ముఖ్యులు. ఆ అమ్మాయే 1995లో బీజింగ్ మహిళా సదస్సులో లెస్బియన్ల హక్కుల గురించి మాట్లాడింది. ఆ సంగతి విన్న రోజు ఫ్యాక్టరీలో మిషన్ ఆపి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. సూపర్‌వైజర్ కడుపునొప్పి అనుకుంది.

4. చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇమ్మొరాలిటీ చట్టానికి 1969లో చేసిన సవరణ మగవాళ్ళ మధ్య సంబంధాల మీద. 1988లో పార్లమెంటుకు ఆడవాళ్ళూ గుర్తొచ్చారు. సంబంధానికి ఒప్పుకునే వయసు ఆడా మగా అయితే 16, ఇద్దరు ఆడవాళ్ళయితే 19 అన్నారు. ఆ తేడా 2007లో పోయింది. 1996 రాజ్యాంగం 9వ సెక్షన్‌లో వివక్ష చూపకూడని వాటి జాబితా ఉంది కదా, జాతి, రంగు, మతం, భాష అని మీరు పండగల్లో చదువుతారు. అదే వాక్యంలో లైంగిక ధోరణి కూడా ఉంది. చదివేటప్పుడు మీరు దగ్గి దాటేస్తారు, నేను మొదటి వరసలోనే కూర్చుంటాను, వింటూనే ఉంటాను. పెళ్ళి హక్కు కోసం ఇద్దరు ఆడవాళ్ళు వేసిన ఫూరీ కేసులో రాజ్యాంగ కోర్టు 2005 డిసెంబర్ 1న తీర్పిచ్చి పార్లమెంటుకు ఏడాది గడువు పెట్టింది. 2006 నవంబర్ 30న ఇద్దరు ఆడవాళ్ళయినా, ఇద్దరు మగవాళ్ళయినా పెళ్ళి చేసుకోనిచ్చే సివిల్ యూనియన్ చట్టం అమలైంది.

మేం 2008లో పెళ్ళి రిజిస్టర్ చేయించుకోవడానికి వెళ్తే మొదటి ఆఫీసులో ఉద్యోగి "నా మనస్సాక్షి ఒప్పుకోదు" అంది. అప్పట్లో అలా అనే వీలు చట్టంలోనే ఉండేది. 2020లో తీసేశారు. ఇంకో ఆఫీసుకెళ్ళాం. అక్కడివాడు స్టాంపు వేసి "తర్వాత ఎవరు?" అన్నాడు. అంత మామూలుగా అన్నందుకు ఆమె అతనికి మా లంచ్ డబ్బా ఇచ్చేసింది.

5. ఇక మీ అసలు జవాబు. ఉత్తరంలో ఇవ్వలేదు గానీ గుడి మెట్ల దగ్గర ఒకాయన ఇచ్చాడు. "ఇది మన సంస్కృతి కాదమ్మా, తెల్లవాళ్ళ దగ్గర నుంచి వచ్చింది." తెల్లవాళ్ళ దగ్గర నుంచి వచ్చిందేమిటో చెప్పనా? ఇండియాలో దీన్ని నేరం చేసిన 377వ సెక్షన్ ఉన్న ఇండియన్ పీనల్ కోడ్. ఇంగ్లీషువాళ్ళు దాన్ని చట్టం చేసింది 1860 అక్టోబర్‌లో. ట్రూరో మద్రాసు రేవు వదిలింది కూడా ఆ అక్టోబర్‌లోనే. మన తాతల బొటనవేలి ముద్రలు, ఆ సెక్షను, రెండూ ఒకే దొరతనం కాగితాలు. 2018 సెప్టెంబర్ 6న ఇండియా సుప్రీంకోర్టు ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళను ఆ సెక్షన్ కిందనుంచి తప్పించింది. పెళ్ళి హక్కు మాత్రం 2023లో ఇవ్వలేదు. ఆ విషయంలో విశాఖలో ఉన్న చెల్లెళ్ళకంటే డర్బన్‌లో ఉన్న నేను అదృష్టవంతురాల్ని. ఆ అదృష్టం మన సంఘం గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

6. "ఒక్క గడి కదా, పుస్తకం కదా" అనుకుంటున్నారేమో. ఆ గడి వల్ల ఏమవుతోందో చూడండి.

సంఘం మరణ సహాయ నిధికి 26 ఏళ్ళు నెలనెలా కట్టాను. ఒక్క నెల తప్పలేదు, రసీదులన్నీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఆమె పోయినప్పుడు నిధి నుంచి ఒక్క రాండ్ రాలేదు. "కుటుంబం" అంటే భర్త, పిల్లలు అని నిబంధన. నా పేరు రిజిస్టర్‌లో ఒంటరిదాని కింద ఉంది. శవపేటికకు డబ్బు కుట్టుమిషన్ అమ్మి కట్టాను. అవును, ఆ కుట్టుమిషనే.

పదకొండో రోజు నలుగురికి భోజనం పెడదామని హాలు అడిగాను. ఆమె చర్చికి వెళ్ళే మనిషి, పంతులుగారు రావాలని నేను అడగలేదు. ఉత్త హాలు, కుర్చీలు. "సభ్యుల కుటుంబాలకే ఇస్తాం" అన్నారు. రిజిస్టర్‌లో లేదు కాబట్టి కుటుంబం కాదు, కుటుంబం కాదు కాబట్టి హాలు లేదు, ఇప్పుడు పుస్తకంలోనూ లేదు. మా సందులో ముస్లిం కుటుంబం వాళ్ళ గ్యారేజి ఖాళీ చేసి ఇచ్చింది. అరవై మంది తిన్నారు. మీలో ఇద్దరు వచ్చారు, వెనక గేటు నుంచి. వచ్చినందుకు వాళ్ళకు కృతజ్ఞతలు.

ఇంకొకటి. ముప్పై ఏళ్ళు శనివారం క్లాసు చెప్పాను. చివరి సంవత్సరాల్లో ఒక పిల్ల క్లాసయ్యాక బోర్డు తుడుస్తానని ఉండిపోయేది. నాలుగు వారాలు తుడిచింది. ఐదో వారం, "టీచర్, తెలుగులో దానికి మాట ఉందా?" అంది. దేనికని నేను అడగలేదు. "ప్రేమ అనే అంటారు" అన్నాను. ఆ పిల్ల ఇప్పుడు కేప్‌టౌన్‌లో ఉంది, పండగలకు కూడా రాదు. యువత రావడం లేదని మీరు కమిటీ మీటింగుల్లో తలలు పట్టుకుంటారు. నేను చెబుతున్నాను, ఒకామె ఎందుకు రావడం లేదో నాకు తెలుసు.

చట్టాలు వచ్చాయి కాబట్టి బతికిపోతున్నామనీ అనుకోకండి. 2008 ఏప్రిల్‌లో జోహన్నెస్‌బర్గ్ దగ్గర క్వాథెమాలో యూడీ సిమెలానేను అత్యాచారం చేసి చంపారు. దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన పిల్ల. లెస్బియన్ అని దాచుకోకుండా బతికింది. అప్పటికి రాజ్యాంగం వచ్చి పన్నెండేళ్ళు, పెళ్ళి చట్టం వచ్చి ఏడాదిన్నర. ఇంట్లో, గుళ్ళో, సంఘంలో "వీళ్ళూ మనవాళ్ళే" అని పెద్దలు చెప్పకపోతే, కాగితం మీద ఉన్న హక్కు చీకటి పడ్డాక వీధిలో అక్కరకు రాదు.

ఇప్పుడు అడుగుతున్నవి:

ఒకటి, పుస్తకంలో మా కుటుంబం పేజీలో ఆమె పేరు, "భార్య" అన్న మాటతో, నేను రాసిచ్చినట్టే వేయాలి.

రెండు, సభ్యత్వ రిజిస్టర్‌లో, మరణ సహాయ నిధిలో "భర్త, పిల్లలు" తీసేసి "చట్టప్రకారం జీవిత భాగస్వామి, పిల్లలు" అని రాయాలి. ఇది నాకోసం కాదు, నాకు ఇక అవసరం లేదు. నాకు తెలిసి మన పేటలో ఇంకో రెండు ఇళ్ళకు అవసరం ఉంది. వాళ్ళు మిమ్మల్ని అడగరు, భయం.

మూడు, హాలు అద్దె నిబంధన అందరికీ ఒకటే ఉండాలి. ఏ పంతులుగారినీ ఇష్టం లేని పెళ్ళి చేయించమని నేను అడగడం లేదు, చట్టమూ అడగదు. కుర్చీలకు మతం లేదు.

నాలుగు, ఆ "అవివాహిత" అని రాసింది ఎవరో నాకు చెప్పనక్కర్లేదు. ఆ చేతిరాత నేను గుర్తుపట్టాను. 'హి'కి గుడి అలా పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానో. ఒకసారి ఇంటికి వచ్చి టీ తాగి వెళ్ళమనండి.

దీపావళి అక్టోబర్ 20. అప్పటిలోగా జవాబు ఇవ్వండి, పుస్తకం అచ్చుకు వెళ్ళేలోపు దిద్దడానికి టైమ్ ఉంటుంది. ఇవ్వకపోతే సమానత్వ కోర్టు ఉంది. 2000లో వచ్చిన చట్టం కింద మామూలు మనిషి లాయరు లేకుండా, ఫీజు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఫారం కూడా తెచ్చిపెట్టుకున్నాను, బిస్కెట్ డబ్బాలో రసీదుల పైనే ఉంది. మన సంఘాన్ని కోర్టుకు లాగడం నాకు ఇష్టం లేదు. మ్యాగజీన్ బ్యారక్స్‌లో మా నాన్న జీతంలోంచి నెలకింత అని ఇచ్చి కట్టిన సంఘం ఇది.

జవాబు తెలుగులోనే రాయండి. తప్పులుంటే ఫర్వాలేదు, దిద్ది పంపిస్తాను.

మీ పాత తెలుగు టీచరమ్మ,
చాట్స్‌వర్త్, డర్బన్
సెప్టెంబర్ 2025